శేషం వేరు, జాడ వేరు

పోయిన జనవరిలో ఒక ఆదివారం మేం ఐదుగురం బేతంచెర్ల నుంచి కనుమకింద కొట్టాల మీదుగా బిల్లసర్గం గవులు చూడటానికి పోయినాం. ఇప్పుడు అందరూ గుహలు అంటున్నారు గానీ మా పెద్దోళ్ళకు అవి గవులే. మాలో ఇద్దరం బడిపంతుళ్ళం. ఒకాయన నాపరాళ్ళ గనిలో కూలి. ఒకడు బి.ఎడ్. చదివే పిల్లోడు. ఐదో ఆయన మా తాండా పెద్దాయన, డెబ్బై దాటినాయన. రాసే చెయ్యి ఒకటే అయినా ఆ రోజు నడిచిందీ వాదులాడుకున్నదీ ఐదుగురం కాబట్టి ఇందులో 'మేము' అనే రాస్తున్నాం.

గవి వాకిట్లో ముందురోజు రాత్రి ఎవరో చలిమంట వేసుకున్నారు. చుట్టూ చిప్స్ కవర్లు, సీసాలు, సగం కాలిన మొద్దు. వాళ్ళను చెడ్డవాళ్ళు అనలేం. పోతూ పోతూ మంట మీద మట్టి కప్పిపోయినారు. ఆర్పినామనే అనుకుని ఉంటారు. మేం కూడా అట్లే అనుకుని దాటిపోతుంటే పెద్దాయన ఆగినాడు. గొంతుక్కూచుని చెయ్యి తిరగేసి, మట్టికి జానెడు పైన పెట్టి చూసినాడు. తర్వాత పుల్లతో గెలికినాడు. లోపల కణకణలాడే నిప్పు ఉంది. పది అడుగుల దూరంలో నడుమెత్తు బోదగడ్డి, బాగా ఎండింది. గాలి కూడా తిరుగుతూ ఉంది.

మా దగ్గర ఐదు లీటర్ల నీళ్ళ క్యాను ఉంది. తాగడానికి తెచ్చుకున్నది. కొంచెం పోయడం, పుల్లతో కలపడం, మళ్ళీ పోయడం, కింది నేలను పైకి తిరగెయ్యడం. బుసబుసమనే చప్పుడు నిలిచేదాకా, పొగ పోయేదాకా, చివరికి వేళ్ళు దూర్చినా చల్లగా తగిలేదాకా. క్యానులో మాకు మిగిలింది గుక్కెడు. ఆ ఎండలో తిరిగొచ్చేటప్పుడు నోరెండిపోయి ఒకరిమీద ఒకరం విసుక్కున్నాం, అది వేరే సంగతి.

మట్టి కప్పితే నిప్పు ఆరిపోతుందని చానామంది నమ్మకం. కానీ మా ఇండ్లల్లో ఆడవాళ్ళు ఒకప్పుడు రోజూ రాత్రి చేసిన పని అదే. పొయ్యిలో మిగిలిన బొగ్గును బూడిదలో కప్పేవాళ్ళు. ఆర్పడానికి కాదు, దాచడానికి. తెల్లారి బూడిద తీసి ఊదితే మళ్ళీ రాజుకునేది, ఒక అగ్గిపుల్ల మిగిలేది. మట్టి, బూడిద దుప్పటి లాంటివి. వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ కూడా. కింద చెట్టు వేరు ఉంటే నిప్పు దాన్ని పట్టుకుని మెల్లగా పాకుతుంది. అవ్వలు దాచుకున్న పద్ధతినే ఈ రోజుల్లో చలిమంట వేసేవాళ్ళు ఆర్పే పద్ధతి అనుకుంటున్నారు.

ఇంకొక మాట ఈ ప్రాంతంవాళ్ళకు చెప్పక్కరలేదు గానీ పైనుంచి వచ్చేవాళ్ళకు చెప్పాలి. నాపరాయి మీద మంట వెయ్యొద్దు. రాయి పొరల్లో చెమ్మ ఉంటుంది. వేడికి పొరలు పగిలి పెంకులు ఎగురుతాయి. మాతో వచ్చిన గని కూలీ నుదుటి మీద మచ్చ అట్లాంటిదే. పనికాడ టీ కాచుకుంటుంటే తగిలింది.

అప్పు, నిప్పు, పగ శేషం ఉంచరాదని తెలుగులో అందరూ అనే మాటే. నిప్పును తొక్కకూడదు, దానిమీద ఉమ్మకూడదు అనేది మా ఇండ్లల్లో ఇంకా ఉంది. సేవాలాల్ జయంతికి, ఫిబ్రవరి 15న, తీపి వంటకంలో నెయ్యి కలిపి భోగ్ అని నిప్పుకే పెడతాం. పెట్టిన చేత్తోనే ఆ నిప్పును చల్లార్చాలి కూడా. దేవుడని మొక్కుతాం కాబట్టి వదిలేసి పోవచ్చు అని లేదు. నిజానికి మొక్కేది ఎక్కువైన కొద్దీ జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి. భయం లేని మొక్కు మా పెద్దాయనకు నచ్చదు.

ఇంతవరకు మా ఐదుగురిలో పేచీ లేదు. పేచీ నిప్పు ఆరిన తర్వాత మొదలైంది.

పిల్లోడు ఎక్కడో ట్రెక్కింగ్ క్యాంపుకు పోయి వచ్చినాడు. అక్కడ 'లీవ్ నో ట్రేస్' అని నేర్పినారంట. పోయినచోట మనం వచ్చిన గుర్తే ఉండకూడదు. చెత్త తేవాలి, బూడిదను చెదరగొట్టాలి, పొయ్యిరాళ్ళను ఎక్కడివి అక్కడ వెయ్యాలి. చెప్పి ఊరుకోలేదు. సంచి తీసి సీసాలు ఏరినాడు, కవర్లు ఏరినాడు. తర్వాత మూడు పొయ్యిరాళ్ళను ఒక్కొక్కటి ఎత్తి దూరంగా విసరబోయినాడు.

"రాళ్ళు ఉండనీ అబ్బీ" అన్నాడు పెద్దాయన. మా బాసలో అన్న మాటే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాం.

"గుర్తు ఉండకూడదు తాతా."

"ఎవురికి ఉండకూడదు?"

వాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు మా దగ్గరా జవాబు లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే.

పెద్దాయన అట్లా అనడానికి కారణం ఉంది. తాండా అంటే ఇప్పుడు ఊరు. ఒకప్పుడు తాండా అంటే కదిలే గుంపు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశం తిరిగిన లదేణి కాలంలో పొద్దు మునిగిన చోటే తాండా. రైళ్ళు వచ్చి ఆ వ్యాపారం పోయింది, తాండాలు నేలకు అతుక్కుపోయినాయి. ఆ తిరుగుడును పెద్దాయన కూడా కళ్ళారా చూడలేదు. వాళ్ళ అవ్వ చెప్పగా విన్నాడు. మకాం ఎత్తేసేటప్పుడు నిప్పును పూర్తిగా ఆర్పేవాళ్ళంట, పొయ్యిరాళ్ళను మాత్రం వదిలిపెట్టేవాళ్ళంట. వెనక వచ్చే గుంపుకు అవి పనికొస్తాయి. రాళ్ళు ఉన్నాయంటే దగ్గర్లో నీళ్ళు ఉన్నాయని, ఇక్కడ రాత్రి గడపవచ్చని అర్థం. ముక్కూ మొగం తెలియని మనిషికి వదిలిన కబురు అది.

అంటే వదలకూడనిది ఒకటి ఉంది, వదలదగినది ఒకటి ఉంది. నిప్పు శేషం. రాళ్ళు జాడ. శేషం అంటే మనం పోయినాక కూడా పని చేస్తూనే ఉండేది. బొగ్గు కింద నిప్పు రాజుకుంటూ ఉంటుంది, ప్లాస్టిక్ కవరు ఏ ఆవు కడుపులోకో పోతుంది, పగిలిన సీసా ఏ గొర్రెలకాపరి కాలికోసమో కాచుకుని ఉంటుంది. జాడ అట్లా కాదు. అది మనం ఉన్నామని చెబుతుంది, అంతే.

ఇట్లా చెబితే సులువుగానే ఉంది. కానీ పిల్లోడు నేర్చుకున్నదాన్ని తీసిపారెయ్యడం న్యాయం కాదు. ఆ పద్ధతి అమెరికాలో పుట్టింది. 1960ల నుంచి అక్కడి అడవులకు వచ్చే జనం బాగా పెరిగినారు. ఎక్కడ చూసినా కాలిన మచ్చలు, చెత్త. 1994లో దానికోసమే ఒక సంస్థ ఏర్పడింది, ఏడు సూత్రాలు పెట్టుకున్నారు, అందులో మంటల గురించీ ఒకటి ఉంది. ఒక గుంపు వదిలిన మూడు రాళ్ళు కబురు అవుతాయి. వారానికి యాభై గుంపులు వచ్చి గుంపుకు మూడు రాళ్ళు వదిలితే అవి కబురు కావు, కసవు అవుతాయి. గండికోటలో శని, ఆదివారాలు గుడారాలు వేసుకునే జనాన్ని చూసినవాళ్ళకు ఆ ఏడు సూత్రాల అవసరం తెలుస్తుంది. పెద్దాయన లెక్క జనం తక్కువ ఉన్న కాలం లెక్క. అంతమాత్రాన అది తప్పు కాదు, కానీ అదే సరిపోతుందనీ అనలేం.

అయితే అదే అమెరికాలో ఇంకో కథ ఉంది. యోసమితి అనే లోయను మనిషి జాడ లేని పరిశుద్ధమైన అడవి అని ప్రపంచమంతా చూసి వస్తుంది. అక్కడ ఆదివాసులు ఉండేవాళ్ళు. 1851లో ఒక సాయుధ దళం లోయలోకి పోయి వాళ్ళ ఇండ్లను, దాచుకున్న తిండిని తగలబెట్టింది. తర్వాత మెల్లగా తిరిగొచ్చి బతికిన కొన్ని కుటుంబాల ఇండ్లను కూడా 1969 నాటికి తొలగించినారు. జాడ లేని అడవి అక్కడ ముందునుంచీ ఉన్నది కాదు, తయారు చేసింది. మనుషుల జాడను చెత్త మాదిరి ఏరేస్తే వచ్చింది. అందుకే 'గుర్తు ఉండకూడదు' అని వింటే మాలాంటివాళ్ళకు చెవి నిక్కబొడుచుకుంటుంది.

ఎక్కడో అమెరికా ఎందుకు, మా బేతంచెర్లనే చూద్దాం.

బిల్లసర్గం గవుల గురించి 1844లో న్యూబోల్డ్ అనే తెల్లదొర రాసినాడు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఇక్కడ తవ్వించి, ఇప్పుడు ఈ దేశంలోనే కనిపించని జంతువుల ఎముకలు కూడా బయటికి తీసినారు. కథీడ్రల్ అనీ, పర్గేటరీ అనీ గవులకు వాళ్ళ మతంలోని పేర్లు పెట్టుకున్నారు. మాకు అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. బేతంచెర్ల దగ్గరే ముచ్చట్ల దిక్కున చింతమాను గవి అని ఉంది. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు అక్కడ తవ్వితే పాతరాతియుగపు పొయ్యి ఒకటి బయటపడింది. కాలి గట్టిపడిన మట్టిగడ్డలు. వాటిని పరీక్ష చేస్తే దాదాపు 17 వేల ఏళ్ళ కిందటివని తేలింది.

ఆ పరీక్ష ఎట్లా చేస్తారో తెలిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. థర్మోల్యూమినిసెన్స్ అంటారు. మట్టిలోని సన్నటి రేణువులు చుట్టుపక్కల నేలలోంచి వచ్చే అణుధార్మిక శక్తిని కొద్దికొద్దిగా లోపల కూడబెట్టుకుంటాయి. బాగా కాలితే ఆ కూడబెట్టిందంతా ఖాళీ అయిపోతుంది. మంట ఆరిన రోజు నుంచి మళ్ళీ సున్నా దగ్గర మొదలు. ప్రయోగశాలలో ఆ మట్టిని తిరిగి వేడి చేస్తే కూడిన శక్తి సన్నటి వెలుగుగా బయటికి వస్తుంది. వెలుగు ఎంత ఉంటే అన్నేళ్ళు. అంటే శాస్త్రజ్ఞులు లెక్కపెట్టింది ఆ మంట చివరిసారి చల్లారిన నాటి నుంచి గడిచిన కాలాన్ని. ఎవరో మంట వేసుకున్నారు, పోయినారు. వాళ్ళ పేరు లేదు, వాళ్ళ బాస లేదు, వాళ్ళు ఎవరికి పూర్వీకులో చెప్పలేం. ఆ కాలిన మట్టి మాత్రం ఉంది. వాళ్ళు బూడిదను చెదరగొట్టి, మట్టిని నలిపి, గుర్తు లేకుండా పోయి ఉంటే ఈ గడ్డ మీద అన్నేళ్ళ కిందట మనుషులు చలి కాచుకున్నారని చెప్పడానికి ఆ పొయ్యి ఉండేది కాదు.

ఇది మా పంతుళ్ళలో ఒకరు అక్కడే చెబితే పెద్దాయన సంబరపడినాడు. "చూసినావా, రాళ్ళు ఉండనీ అని నేనంటే" అని పిల్లోడిని చూసి నవ్వినాడు. పిల్లోడు కాసేపు ఊరుకుని ఒక మాట అన్నాడు. "అట్లయితే తాతా, అదే మట్టి మీద నిన్న రాత్రోళ్ళు మంట వేసింటే?"

అవును. పాత మట్టి మీద కొత్త మంట వేస్తే లెక్క మళ్ళీ సున్నా. 17 వేల ఏళ్ళ మాట ఒక్క రాత్రి చలిమంటతో కొట్టుకుపోతుంది. పాత బొగ్గులో కొత్త బొగ్గు కలిసిపోతుంది. ఈ గవుల్లో ఏ మట్టి కింద ఏముందో మనకు తెలియదు, చానా భాగం ఎవరూ తవ్వలేదు. కాబట్టి మన జాడ ఊరికే పడదు. ఒక్కోసారి ఇంకొకరి జాడ మీద పడుతుంది. ఆరిన మంట కూడా అట్లా శేషం అవుతుందేమోనన్న ఆలోచన అంతకుముందు మాకెవరికీ రాలేదు. పెద్దాయన నవ్వు ఆగింది. మేం అంతదాకా గీసుకున్న గీత, శేషం ఇటు, జాడ అటు అనేది, అక్కడ కొంచెం చెరిగిపోయింది.

ఇంకో దిక్కు నుంచి కూడా చూడాలి. మా తాతల కాలంలో జాడ ఉండటమే ప్రమాదం. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ తెచ్చినారు. ఎరుకలోళ్ళు, సుగాలీలు, ఇంకా ఎన్నో తిరుగాడే తెగలవాళ్ళు పుట్టుకతోనే అనుమానితులు అయిపోయినారు. పేరు రాయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, ఎక్కడ నిద్రపోతున్నారో చెప్పాలి. ఆత్మకూరు దిక్కున సిద్ధాపురంలో సెటిల్మెంటు ఉండేది. గుట్ట మీద పొగ లేస్తే పోలీసు వస్తాడు. ఆ కాలపు మనుషులు పచ్చికట్టె ముట్టించేవాళ్ళు కాదని, పొగరాని కట్టె ఏరుకునేవాళ్ళని మా ఇండ్లల్లో చెప్పుకుంటారు. జాడ లేకుండా బతకడం వాళ్ళకు నీతి కాదు, భయం. 1952లో ఆ చట్టం పోయింది.

ఆ తర్వాత కాలం తిరగబడింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ భూమిలో ఉన్నామని రుజువు చూపాలి. 2008 నియమాల్లో 13వది రుజువుల జాబితా. ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, కట్టిన గట్టు, బావి, శ్మశానం, పాత కట్టడాల ఆనవాళ్ళు. పెద్దల వాంగ్మూలం కూడా రుజువేనని అందులోనే ఉంది, మంచి మాట. కానీ మా బంధువు ఒకాయన ఆ కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసుకు తిరిగినన్నాళ్ళూ ఆయనకు ఎదురైన ప్రశ్న ఒకటే: "అక్కడ మీ గుర్తు ఏముంది?" గొడ్లను తోలుకుని వేసవిలో ఒక చోట, వానల్లో ఒక చోట ఉన్న కుటుంబం అది. గడ్డి పీకి గుడిసె వేసింది, మకాం మారినప్పుడు గుడిసెను నేలకే వదిలింది. గట్టిగా కట్టినవాడికి రుజువు ఉంది. నేలను నొప్పించకుండా ఉన్నవాడికి లేదు. చివరికి ఆయన, ఆయన కొడుకు రెండు రోజులు ఆ గుట్టంతా తిరిగి వెతికింది ఏమనుకున్నారు? పాత పొయ్యిరాళ్ళు.

ఇది రాస్తుంటే మా మీద మాకే ఒక అనుమానం. మేం ఏదో ఏనాడూ నేలను గాయపెట్టనివాళ్ళం అన్నట్టు రాస్తున్నామా? అట్లా కాదు. ఎండాకాలంలో ఇప్పచెట్ల కింద పూలు కనబడాలని ఆకులకు నిప్పు పెట్టేవాళ్ళు మన తెగల్లోనే ఉన్నారు. పాత గడ్డి కాలిపోతే లేతది వస్తుందని గుట్టకు అంటించేవాళ్ళూ ఉన్నారు. మన అవ్వలకు గాలి తెలుసు, గీత గీసి గడ్డి కోసి మరీ అంటించేవాళ్ళు అని చెప్పుకుంటాం, నిజమే కావచ్చు. ఇప్పుడు గీత గీసే ఓపిక ఎవరికి ఉంది? గుండ్ల బ్రహ్మేశ్వరం లాంటి అభయారణ్యాల్లో అడవికి ప్రమాదం వచ్చేట్టు నిప్పు రాజెయ్యడమూ, మండుతున్నదాన్ని వదిలేసి పోవడమూ 1972 వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్ కింద నేరం. నల్లమల్లో వేసవి వస్తే ఆ నిప్పును ఆర్పడానికి పోయేవాళ్ళలోనూ చెంచులు ఉంటారు. 2018 మార్చిలో తమిళనాడులో కురంగణి కొండలు కాలినప్పుడు ట్రెక్కింగ్‌కు పోయినవాళ్ళు ఇరవై మందికి పైగా చచ్చిపోయినారు. కార్చిచ్చుకు కులమూ తెగా తెలియదు.

ఇక బేతంచెర్ల నాపరాయి. మా తాండాల్లో సగం ఇండ్లు ఆ గనుల మీద, పాలిష్ ఫ్యాక్టరీల మీద బతుకుతాయి. రోడ్డు పక్కన గుట్టలుగా పోసిన రాతి ముక్కలు, తెల్లటి బురద ఎండి గాలికి లేచే పొడి. మా చేతులతో తవ్విందే. మా కూలి కోసమే. ఏ ట్రెక్కింగ్ క్యాంపులోనూ ఆ గుట్టలకు ఏడు సూత్రాలు చెప్పరు. ఒక రాత్రి చలి కాచుకున్నవాడిని బూడిద చెదరగొట్టి పొమ్మంటాం, కొండను కోసుకుపోయినవాడిని గుంట పూడ్చమని గట్టిగా అడగం. ఇట్లా అంటే మాతో వచ్చిన గని కూలీకి కోపం వచ్చింది. "పంతుళ్ళు, మీకు జీతాలు వస్తాయి. ఆ గుంట పూడ్చమంటే మొదట మూతపడేది నా పొయ్యి" అన్నాడు. ఆయన మాటను ఇక్కడ ఉన్నది ఉన్నట్టే పెడుతున్నాం, మా దగ్గర దానికి సరైన జవాబు లేదు కాబట్టి.

పొద్దు వాలుతుండగా రాళ్ళ సంగతి తేల్చుకున్నాం. గవి వాకిట్లో ఉంచితే మళ్ళీ వచ్చేవాళ్ళు అక్కడే మంట వేస్తారు. అది కూడదని పెద్దాయనే అన్నాడు. దూరంగా విసిరేస్తే వచ్చేవాళ్ళు కొత్త రాళ్ళు తెచ్చి మళ్ళీ గవిలోనే పెట్టుకుంటారు. అదీ కూడదని పిల్లోడు ఒప్పుకున్నాడు. గవికి బాగా ఎడంగా, కిందికి, వంక ఒడ్డున గడ్డి లేని ఇసుక నేల ఉంది. రాళ్ళను అక్కడికి మోసి, మూడు మూలలా పెట్టినాం. ఒక్కో రాయి బరువే. గని కూలీ ఒక్కడే రెండు మోసినాడు, నవ్వుతూ, కోపం ఇంకా పోకపోయినా. పిల్లోడు తడిసిన బూడిదను దోసిళ్ళతో తెచ్చి అదే ఇసుకలో కలిపినాడు. బొగ్గుముక్కలు ఏవీ గవి మట్టిలో మిగలకుండా చూసినాడు.

బయలుదేరబోతూ పెద్దాయన మళ్ళీ వెనక్కి నడిచి, గవి వాకిట్లో తడిమట్టి మీద ఇంకోసారి చెయ్యి పెట్టి చూసి వచ్చినాడు.